జూన్ ముప్పై ఒకటి

ఈ ఉదయం ఎనిమిదిన్నరకు ఆఫీసు వెనక వానమాపి పక్కన నిలబడి, చేతి గడియారం కీ సగం బయటికి లాగి తిప్పాను. వేలి కొనకు మాత్రమే తెలిసేంత సన్నగా టిక్కుమంది. ఇరవై తొమ్మిది పోయి ముప్పై వచ్చింది. ఇంకో టిక్కుకు ముప్పై ఒకటి. ఇంకో టిక్కుకు ఒకటి. లోకంలో అందరికీ నిన్న అర్ధరాత్రే మార్చి నెల వచ్చేసింది గానీ, నా చేతికి మాత్రం నేను తిప్పితేనే వస్తుంది. ఆ టిక్కు వేలికి తగిలినప్పుడల్లా నాకు నారాయణప్ప సార్ గుర్తొస్తారు. ఏడాదికి అయిదుసార్లు, తప్పకుండా.

ఆయన మీకెవరికీ తెలిసే అవకాశం లేదు. కళ్యాణదుర్గం వైపు ఒక మండల ఆఫీసులో లెక్కలు రాసుకునే సీనియర్ గుమాస్తా. పేపర్లో ఎప్పుడూ పేరు పడలేదు, ఎవరూ శాలువా కప్పలేదు. గార్లదిన్నె నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవారు. మనిషి పొట్టి, నడక వేగం, మాట ముక్కుసూటి. వానను కొలవడం ఆయన పనుల్లో ఒకటి. నిజానికి ఆయన దృష్టిలో అదొక్కటే పని, మిగిలినవన్నీ జీతం కోసం చేసేవి. ఆఫీసు వెనక ముళ్ళతీగ కంచె, దానికొక తాళం, లోపల నేలలో పాతిన వానమాపి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు దాని మూత తీసి, లోపలి నీళ్ళను గీతల గాజు గొట్టంలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టర్లో రాయాలి. మా సీమలో ఏడాదిలో ఎక్కువ రోజులు రాసేది సున్నానే. ఆ సున్నాను కూడా ఆయన పూర్ణానుస్వారం దిద్దినంత శ్రద్ధగా, గుండ్రంగా రాసేవారు. ఇరవై రెండేళ్ళ రిజిస్టర్లు బీరువాలో వరుసగా ఉండేవి. వాటిలో ఒక్క కొట్టివేత లేదు. ఆ మాట ఆయన నేను చేరిన మొదటి వారంలోనే నాకు మూడుసార్లు చెప్పారు.

నేను ఆ ఆఫీసులో చేరింది పన్నెండేళ్ళ కిందట, మే నెల రెండో వారంలో. తాత్కాలికంగా కంప్యూటర్ పని. పని చూసి, ఏడాది కాంట్రాక్టు ఇచ్చేదీ లేనిదీ జులై ఆఖరుకు తేలుస్తామన్నారు. ఇంట్లో మొదటి ఉద్యోగస్తురాలిని. మా నాయన గొర్రెలు కాసుకునే మనిషి, సంతోషం పట్టలేక నన్ను అనంతపురం తీసుకుపోయి గడియారం కొనిచ్చాడు. అంగడిలో ఆయన పెట్టిన షరతు ఒక్కటే, దాంట్లో వారం కనబడాలి. తేదీ కూడా పక్కనే కనబడుతుందని అంగడాయన చెబితే, "తేదీతో మనకేం పనప్పా, అది ఉండాదంటే ఉండనీ" అన్నాడు. శనివారం గొర్రెల సంత. ఆ ఒక్క రోజు తప్పితే వారమంతా దండగ. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా నా గడియారం చూసి వారం పోల్చుకునేవాడు. "పాము మాదిరి అక్షరం రెండు దినాలు వరసగా ముందొస్తాది. మొదటి పాము సంత, రెండో పాము ఆదివారం" అనేవాడు. నాకు చదువు చెప్పించిన మనిషి దగ్గర నేను నేర్చుకున్న ఇంగ్లీషు అదొక్కటే.

చేరిన రోజే నారాయణప్ప సార్ కన్ను నా మణికట్టు మీద పడింది. "ఏమ్మా సరోజా, గడియారం కొత్తదా? యాదీ, చూపించు" అన్నారు. చూపించాను. మిద్దె ఇళ్ళ పైకప్పులో వెలుతురు కోసం వదిలే కంతను మేం గవాక్షి అంటాం. గడియారంలో తేదీ కనబడే చిన్న కిటికీకి కూడా ఆయన అదే పేరు పెట్టారు. "తేదీకి గవాక్షి ఉండాల, సరే. పక్కన ఇంగోటి ఎందుకు?" అన్నారు. వారానికి సార్, మా నాయనకు సంత వారం తెలియల్లంట అన్నాను. ఆయన నవ్వలేదు గానీ, మీసం కదిలింది. "వారం తెలుసుకునేకి గడియారం కావల్నా? వారం ఊరే చెప్తాదమ్మా. శుక్రవారమైతే గడపలకు పసుపు ఉంటాది. శనివారం సగం మంది ఒక్కపొద్దు ఉంటారు, హోటల్లో అన్నం బదులు ఉప్పిట్టు ఎక్కువ పోతాది. సంతకు పోయే ఆటోలు చూస్తేనే తెలుస్తాది ఏం వారమో. తేదీ ఎవురు చెప్తారు? ఒక్కడూ చెప్పడు. అందుకే గడియారమనేది తేదీ ఒక్కటే చెప్పల్ల." తన చెయ్యి చాచారు. తెల్లటి ముఖం, నల్లటి అంకెలు, మూడు ఉండాల్సిన చోట తేదీ గవాక్షి. ఇంకేమీ లేదు. తేదీ పైన అంకె పెద్దదిగా కనబడే ఉబ్బు అద్దం ఉన్న గడియారాలు కూడా ఆయనకు నచ్చవు. అది ముసలోళ్ళకంట.

ఆ ఉబ్బు అద్దం నిజానికి అప్పటికే ఆయనకు చాలా అవసరం. కళ్ళలో పొరలు వచ్చాయి, ఒప్పుకోరు. వానమాపి దగ్గర గడియారం నా ముఖం ముందు పెట్టి, "ఏం తేదీ పడిందో చూడమ్మా, ఎండ కొడతాంది" అనేవారు. మబ్బు పట్టిన రోజున కూడా ఎండే కొట్టేది. నేను తేదీ చదివి చెప్పేదాన్ని, ఆయన తలూపి రాసేవారు. ఒకసారి నేనే రాస్తూ, తేదీ పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో వారం కూడా చిన్నగా రాశాను. నాయన పెంపకం, చెయ్యి ఊరుకోదు. ఆయన ఆ పుస్తకాన్ని కళ్ళకు ఆనించుకుని చూసి, రబ్బరు నా చేతికిచ్చారు. "ఇది రిజిస్టరా, పంచాంగమా? తుడిచేయ్" అన్నారు. తుడిచేశాను. మనసులో మాత్రం, ముసలాయనకు ఎంత పట్టుదలో అనుకున్నాను.

ఇంకో నియమం ఉండేది. వానమాపి దగ్గరికి ఫోను తేకూడదు. టేబుల్ మీద పెట్టేసి రావాలి. "ఫోను తానంతకు తానే మారుతాది. దాంట్లో నువ్వు చేసేదేముంది? మన చేత్తో మార్చిండేదే మనకు గుర్తుంటాది" అనేవారు. ఆ మాటకు అర్థం నాకు అప్పట్లో తెలియలేదు. ఎందుకంటే నేను చేరింది మేలో, మే నెలకు ముప్పై ఒక్క రోజులు. నెల మారినప్పుడు గడియారం తేదీని చేత్తో తిప్పాల్సిన అవసరం నా కళ్ళ ముందు ఒక్కసారి కూడా రాలేదు. గడియారంలోని తేదీ చక్రానికి అన్ని నెలలూ ఒకటే, ముప్పై ఒకటి దాకా పోవడం తప్ప దానికింకేమీ తెలియదు. ఈ సంగతి కొత్త గడియారం కట్టుకున్న నాకూ తెలియదు.

జూన్ ఆఖరులో ఆయన చివరికి కంటి ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. గురువారం పొద్దున తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఇంట్లో బీరువా తాళాలు కొత్త కోడలికి ఇచ్చినంత దిగులుగా ఇచ్చారు. "సున్నా అయినా సరే రాయల్ల. ఆదివారమైనా సరే రావల్ల" అన్నారు. ఆ ఏడాది వాన బాగా ఆలస్యమైంది. ఊళ్ళలో విత్తనపు వేరుశనగ కాయలు ఒలిచి పెట్టుకుని, దుక్కులు సిద్ధం చేసుకుని ఆకాశం వైపు చూస్తున్నారు. తిప్పన్న అని ఒక రైతు రోజూ ఆఫీసు కంచె దగ్గరికి వచ్చి నన్ను అడిగేవాడు, "ఏమ్మా, ఈ పొద్దు ఎంత?" అని. సున్నా అన్నా అంటే, "ఆ గొట్టాన్ని కొంచెం పెద్దది పెట్టకూడదామ్మా, ఎక్కువ పడతాదేమో" అని నవ్వి పోయేవాడు.

ఆదివారం సాయంత్రం పడింది. రెండు గంటలు, ఆగకుండా. మా ఇంటి రేకుల మీద ఆ చప్పుడు వింటూ, నేనూ నాయనా కూర్చున్నాం. సోమవారం పొద్దున ఎనిమిదింటికే కంచె దగ్గర నలుగురున్నారు. మూత తీసి నీళ్ళు పోస్తుంటే, గొట్టం రెండుసార్లు నింపాల్సి వచ్చింది. నలభై ఎనిమిది మిల్లీమీటర్లు. గట్టిగా చదివితే, తిప్పన్న తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. నేను గడియారం చూశాను. ముప్పై ఒకటి. రిజిస్టర్ తెరిచాను. జూన్ పేజీలో ముప్పై గీతలే ఉన్నాయి. సార్ ఒక గీత తక్కువ గీశారే, కళ్ళు కనబడక గీయలేదేమో పాపం అనుకుని, స్కేలు పెట్టి, నా చేత్తో, ముప్పై ఒకటో గీత అందంగా గీసి అందులో ఆ వానను రాశాను. నిలబడినవాళ్ళందరి కళ్ళూ ఆ నీళ్ళ మీదే. వాళ్ళకు ఆ రోజు సోమవారమని తెలుసు, ఏరువాక అని తెలుసు. తేదీ ఎవరికి కావాలి? సార్ లేరు కదా అన్న ధైర్యంతో ఆదివారం నుంచే వారం రాస్తున్నాను, ఈ గీత పక్కన పెన్సిల్‌తో "సోమ" అని కూడా రాశాను. పై ఆఫీసుకు మెసేజ్ పంపాను, రిజిస్టర్లో ఉన్న తేదీతోనే. మంగళవారం గడియారం ఒకటి చూపించింది, ఒకటని రాశాను, సున్నా. బుధవారం రెండు, చిన్న జల్లు, ఆరు మిల్లీమీటర్లు. ఫోనులో సరైన తేదీ రోజూ నా కళ్ళ ముందు ఉండే ఉంటుంది. కళ్ళకు కనబడితే సరిపోదు, బుర్రకు ఎక్కాలి కదా.

గురువారం నారాయణప్ప సార్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని దిగారు. ఇంకో వారం రావద్దని డాక్టరు చెప్పినా, వాన పడిందని విని ఆగలేకపోయారు. నేను గర్వంగా రిజిస్టర్ తెరిచి ముందు పెట్టాను. ఆయన అద్దాలు తీసి, ఆపరేషన్ అయిన కంటితో మొదటిసారి ఆ పేజీ చూశారు. గీతలు లెక్కపెట్టారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, "సరోజా, జూన్ నెలకి ఇంగో దినం ఇచ్చినావే. ఎవురడిగినారమ్మా నిన్ను?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక గడియారం చూసుకున్నాను, నాలుగో తారీఖున అది మూడు చూపిస్తోంది. ఆయన అప్పటికే ఫోను తీసి పై ఆఫీసుకు కలిపి అడుగుతున్నారు. అక్కడి కంప్యూటరు ఆ తేదీని తీసుకోలేదట, జులై ఒకటి గడిలో నేను మంగళవారం పంపిన సున్నా ఉందట. ఫోను పెట్టేసి, "జూన్ ముప్పై ఒకటిన పడిండే వాన యాడా పడనట్లే" అన్నారు. ఊళ్ళన్నీ ఆ వానకే విత్తనం వేశాయి. రేపు పైరు ఎండిపోతే, వాన లేని దినాలు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలని బీమావాళ్ళు అడిగితే, ఆధారం ఈ ఒక్క పుస్తకమే. ఆ పుస్తకంలో వాన, క్యాలెండర్లోనే లేని తేదీలో ఉంది. ఇంక నా కాంట్రాక్టు సంగతి వేరే చెప్పాలా? మా నాయన ముఖం కళ్ళ ముందు కదిలింది. సిగ్గూ భయమూ కలిసి ఏడుపొచ్చింది, ఏడ్చేశాను.

"ఏడ్చింది చాలు. ఇట్ల కూచో" అన్నారు. "తేదీ ఒక దినం జరిగింది, అది సరే. మూడు దినాలూ వరసగా వచ్చినావా? మధ్యలో ఒకటి రాయకుండా పోయినావా? ఒకటి రెండు తూర్లు రాసినావా? నువ్వు చెప్తే నేను నమ్ముతా. కాగితం నమ్మదు. రుజువు ఏముండాది?" నా దగ్గర రుజువేముంది? ఆయన పేజీని ఇంకా దగ్గరికి తీసుకున్నారు. అప్పుడు ఆ కొత్త కంటికి మార్జిన్‌లోని పెన్సిల్ రాత కనబడింది. ఆది, సోమ, మంగళ, బుధ. వేలు పెట్టి జూన్ పేజీ నుంచి జులై పేజీకి చదువుకుంటూ పోయారు. మళ్ళీ చదివారు. మీసం కదిలింది.

"తుడిచేయమంటి గదమ్మా నేను" అన్నారు.

"మీరు లేరని రాసినా సార్" అన్నాను ఏడుపులోనే.

"మంచి పని చేసినావు. తేదీ తప్పింది, వారం తప్పలే. వారానికి నెలలతో పని లేదు, దానిపాటికి అది తిరుగుతాది." తన గడియారం వైపు చూసుకుని, "ఇన్నేండ్లు నేనొక్కణ్ణే మాట్లాడినా, మీ నాయన మాట ఇనలేదు" అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగి నవ్వొచ్చింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని నేను మరిచిపోలేను. ఎర్ర సిరా పెన్ను తీశారు. ఇరవై రెండేళ్ళుగా ఒక్క కొట్టివేత లేని రిజిస్టర్లో, ఆ ముప్పై ఒకటో గీతను ఆ మూల నుంచి ఈ మూలకు కొట్టేశారు. జులై పేజీలో తేదీలు సరిదిద్ది, పక్కన సంతకం పెట్టారు. పై ఆఫీసుకు ఉత్తరం ఆయనే రాసి నన్ను టైపు చేయమన్నారు. అందులో నా పేరు ఉంది, నా తప్పు ఉంది, దాచలేదు. దాని కింద ఇంకో వాక్యం ఉంది. "చిన్న నెలలు ముగిసినప్పుడు గడియారంలో తేదీ చేతితో మార్చవలెనని ఈమెకు నేర్పకపోవుట నా లోపము." టైపు చేస్తూ ఆగిపోయాను. సార్, ఇది మీ లోపం ఎట్లవుతుంది అన్నాను. "నెలలు ఎన్ని దినాలో నీకు బడిలో చెప్పినారు. గడియారానికి ఎవురూ చెప్పలేదని నీకు నేను చెప్పల్ల. చెప్పలే. కొట్టు" అన్నారు. తొమ్మిది నెలల్లో రిటైరయ్యే మనిషి, శుభ్రమైన రిజిస్టర్ వదిలిపోవాలని కలలుగన్న మనిషి, ఆ మాట రాసి సంతకం పెట్టారు. పై ఆఫీసువాళ్ళు వానను సరైన గడిలో వేసుకున్నారు. జులై ఆఖరుకు నా కాంట్రాక్టు కాగితం వచ్చింది. మా నాయన ఆ శనివారం సంత నుంచి మైసూర్ పాక్ తెచ్చి సార్‌కు ఇవ్వమన్నాడు. సార్ సగం తిని, సగం సాకమ్మకు కట్టుకుపోయారు. సాకమ్మ ఆయన భార్య.

మరుసటి నెల పేజీ తెరిస్తే, తేదీ గడి పక్కన కొత్త గడి ఉంది. స్కేలుతో, ఇంకుతో గీసి, పైన "వారము" అని రాసి ఉంది. పెన్ను నా చేతికిచ్చారు. చేతి గడియారం మాత్రం మార్చలేదు. నేను ఆటపట్టిస్తే, "రిజిస్టర్‌కు కావల్ల, నాకెందుకు? నాకు చెప్పేవాళ్ళు ఉండారు" అనేవారు. సెప్టెంబర్ ముగిసిన మర్నాడు, ఎనిమిదిన్నరకు, ఇద్దరం వానమాపి దగ్గర నిలబడి కీలు లాగి తిప్పాం. ఏడాదికి అయిదు ఒకటో తారీఖులు ఇట్లా వస్తాయని, మార్చిలో ఎక్కువ తిప్పాలని అప్పుడు వివరంగా చెప్పారు. ఆ వచ్చే మార్చి ఆఖరున రిటైరయ్యారు.

మే ఒకటో తారీఖున, వానమాపి దగ్గరి నుంచి లోపలికి రాగానే ఆఫీసు ఫోను మోగింది. "తిప్పినావా?" అని అడిగారు. తిప్పినా సార్ అన్నాను. "సరే" అని పెట్టేశారు. బాగున్నావా లేదు, ఎండలెట్లున్నాయి లేదు. ఎనిమిదేళ్ళు, ఏడాదికి అయిదుసార్లు, ఆ ఒక్క మాట. మధ్యలో నాకు పెళ్ళైంది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఉద్యోగం స్థిరపడింది, వానమాపి పక్కన తనంతట తానే లెక్క పంపే కరెంటు పరికరం వచ్చింది. నేను మాత్రం మూత తీసి నీళ్ళు పోసి రాయడం మానలేదు. ఆ పరికరం చెడిపోయిన రోజుల్లో నా పుస్తకాన్నే అడుగుతారు, అది వేరే సంగతి.

మూడేళ్ళ కిందట ఫిబ్రవరిలో సార్ నిద్రలోనే పోయారు. మార్చి ఒకటిన నేను లోపలికి వచ్చాక ఫోను మోగలేదు. మోగదని తెలుసు. తెలిసీ తొమ్మిది దాకా టేబుల్ దగ్గరే కూర్చున్నాను, మనసు చాలా వెలితిగా అనిపించింది. మధ్యాహ్నం సెలవు పెట్టి గార్లదిన్నె బస్సెక్కాను. సాకమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గోడకు మేకు కొట్టి సార్ గడియారం తగిలించి ఉంది. నడుస్తూనే ఉంది, తేదీ ఇరవై తొమ్మిది చూపిస్తోంది. "మీ సారు ఈ పొద్దు దాన్ని తిప్పుతాండె గదా. నాకు చేతకాదమ్మా, యాడ లాగల్లో తెలీదు. నువ్వు తిప్పిపో" అంది. నేను తిప్పాను, మూడు టిక్కులు. వచ్చేటప్పుడు, "మళ్ళా ఎప్పుడు?" అని అడిగింది. మే ఒకటి అన్నాను. అప్పటినుంచి తప్పలేదు.

ఈ రోజు కూడా నా గడియారం తిప్పి, రిజిస్టర్లో సున్నా రాసి, శని అని రాసి, గార్లదిన్నె పోయాను. గోడ మీది గడియారం దించి కీ లాగాను. సార్ చేతికి అరిగిన ఆ కీ నా దానికన్నా నున్నగా ఉంటుంది. ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి, ఒకటి. వంటింట్లో బొరుగుల ఉగ్గాని తిరగమోత ఘాటు. సాకమ్మ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టి, "శనివారం, నాకు ఒక్కపొద్దు. నువ్వు తిను" అంది. గడియారం వైపు చూడలేదు, ఆమెకు అవసరం లేదు. మళ్ళీ వంటింట్లోకి పోతూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"తిప్పినావా?"

"తిప్పినా" అన్నాను.